ఫ్లెక్సీకెక్కిన కవిత

పోయిన నెల తిరుపతి నుంచి పుత్తూరు పోయే బస్సులో నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఒళ్ళో తొమ్మిదో తరగతి తెలుగు వాచకం. కొత్తగా ఉద్యోగంలో చేరిందట. నేను ముప్పై మూడేళ్ళు అదే పని చేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యానని తెలియగానే నా వైపు తిరిగి కూర్చుంది. "మేడం, ఆడపిల్లలకు కవిత్వం ఎట్లా చెప్పల్ల? ఎదగడం గురించి ఏదైనా పాఠం వస్తే పిల్లలకంటే ముందు నాకే సిగ్గవతా ఉండాది" అంది.

"అనుభవం మీద వస్తుందిలేమ్మా" అన్నాను. వడమాలపేటలో ఆమె దిగిపోయింది. దిగాక నా మీద నాకే చిరాకేసింది. నేను చేరిన కొత్తలో పెద్దవాళ్ళు నాకు చెప్పిన మాట అదే. ఆ మాట విన్నప్పుడల్లా వాళ్ళకు కూడా జవాబు తెలియదని అర్థమయ్యేది. నాకు కొంచెం తెలుసు. ఆ అమ్మాయి పేరైనా అడగలేదు కాబట్టి, ఆమెలాంటి వాళ్ళందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

వేలిముద్రల పేజీ

మొదటి పదేళ్ళు నేను మంచి టీచర్‌నని నా నమ్మకం. ప్రతిపదార్థం బోర్డు మీద, తాత్పర్యం నోటుపుస్తకంలో, మార్కులు చేతిలో. ఆడపిల్ల ఒళ్ళు, మనసు మారే వయసు గురించి ఎక్కడైనా నాలుగు పంక్తులు కనబడితే మాత్రం గొంతు సవరించుకుని, "ఇది పరీక్షకు రాదు, ఇంట్లో చదువుకోండి" అని పేజీ తిప్పేసేదాన్ని. ఆడదాన్నై ఉండి కూడా.

ఒక వేసవి సెలవుల ముందు పిల్లల దగ్గర పాత వాచకాలు వెనక్కి తీసుకుని బీరువాలో సర్దుతున్నాను. తరువాతి సంవత్సరం పిల్లలకు ఇవ్వడానికి. ఏ పుస్తకం విప్పినా ఒకే చోట తెరుచుకుంటోంది. నేను నెల రోజులు అరిచి చెప్పిన పద్యాల పేజీలు కొత్తగా, తళతళలాడుతూ ఉన్నాయి. నేను తిప్పేసిన పేజీ మాత్రం వేలిముద్రలతో నల్లబడి, అంచులు నలిగి ఉంది. నలభై పుస్తకాల్లోనూ అంతే. బీరువా ముందు నేల మీద కూర్చుని ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. తరువాత సిగ్గుపడ్డాను. పిల్లలు నా సాయం లేకుండానే చదువుకున్నారు, అడగడానికి మనిషి లేక మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు.

ఆ ఏడాది నుంచి ఏ పేజీ తిప్పేయలేదు. మొదటిసారి ఆ పంక్తులు చదివినప్పుడు నా గొంతు వణికింది. ముందు బెంచీలో పిల్ల లేచి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

కండెల గంప

నా ఉద్యోగంలో చివరి పన్నెండేళ్ళు నగరి పక్కన ఒక మగ్గాల ఊళ్ళో, ఆడపిల్లల హైస్కూల్లో గడిచాయి. ఆ ఊళ్ళో ఏ వీధిలో నడిచినా మరమగ్గాల చప్పుడే. సగం మంది పిల్లలు సాయంత్రం ఇంటికి పోయి కండెలు చుట్టేవాళ్ళు. కండె అంటే మగ్గం నాడెలో పెట్టడానికి నూలు చుట్టే పుల్ల, జానెడు కూడా ఉండదు.

అక్కడ తొమ్మిదో తరగతి రిజిస్టరులో ఒక విచిత్రం ఉండేది. నెలకొక పిల్ల పది పదకొండు రోజులు మాయమయ్యేది. కారణం అడిగితే "ఒంట్లో బాగాలేదు మేడం" అనేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పటికి చెవులకు కొత్త కమ్మలు, డబ్బాలో నువ్వుల చిమ్మిలి, ముఖంలో కొత్త గాంభీర్యం. మొన్నటిదాకా గోడ దూకిన పిల్ల గేటు గుండా వచ్చేది. పెద్దమనిషి అయిందని అందరికీ తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడరు, గుసగుసలు తప్ప.

రాయించాలనుకున్నాను. కాగితాలు పంచితే అందరూ అమ్మ గొప్పతనం, చెట్ల గొప్పతనం రాసిచ్చారు. పేరు ఉంటే నిజం రాయరు. అప్పుడు ఒక పిల్ల జేబులోంచి ఖాళీ కండె జారి పడింది. ఇంట్లో కండెలన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో చెప్పలేం. మరుసటి శనివారం చివరి పీరియడ్‌కు తలా ఒక ఖాళీ కండె తెమ్మన్నాను. చిన్న కాగితం మీద తోచింది రాయడం, కండెకు చుట్టి దారంతో ముడేయడం, గంపలో పడేయడం. తరువాత తలా ఒకటి తీసి, విప్పి, పైకి చదవడం. ఎవరు రాశారో అడగకూడదు, ఊహించకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఎంత బాగా రాశారో. ఒక కండెలో ఇలా ఉంది:

"నుదుటి మీద ఒక మొటిమ
పిలవకుండానే వచ్చింది.
అద్దం దాన్నే సూస్తా ఉండాది,
నా దిక్కు సూడదు."

ఇంకొకదాంట్లో:

"నా పాత గౌను చెల్లెలు ఏసుకునింది.
గౌను నన్ను మర్సిపోయింది.
నేను మర్సిపోలే."

పెద్దమనిషి అయిన రోజుల్లో పొద్దున్నే మింగించే పచ్చి గుడ్డు, నువ్వుల నూనె గురించి ఒక పిల్ల రాసింది చదివినప్పుడు తరగతి మొత్తం ముక్కులు మూసుకుని నవ్వింది. అనుభవమున్న వాళ్ళు కొంచెం ఎక్కువ నవ్వారు. లేనివాళ్ళు భయంగా నవ్వారు. ఆ పీరియడ్ గంట కొడితే ఎవరూ లేచేవాళ్ళు కాదు. ముప్పై మూడేళ్ళలో గంట కొట్టినా లేవని తరగతి నాకు అదొక్కటే.

నా నోటి దురుసు

ఇప్పుడు నేను చేసిన తప్పు.

ఆ ఊళ్ళో పిల్ల పెద్దమనిషి అయితే పదకొండో రోజు ఫంక్షన్. దానికి వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టాలి. కొత్త ఓణీలో పిల్ల నిలువెత్తు ఫోటో, చుట్టూ మేనమామలు, చిన్నాన్నలు చేతులు జోడించి నవ్వుతూ. "పుష్పాలంకరణ మహోత్సవానికి విచ్చేయు బంధుమిత్రులకు స్వాగతం, సుస్వాగతం." కట్టించే బాధ్యత, గౌరవం మేనమామవి.

ఒక శనివారం గంపలోంచి వచ్చిన కండె ఇది:

"మా వీధి మలుపులో ఒగ పిల్ల
మిద్దె కంటే ఎత్తుగా నిలబడుండాది.
ఎండ కొట్టినా రెప్ప ఎయ్యదు,
వాన కొట్టినా ఇంట్లోకి పోదు.
మా మామ మిషన్లోనుంచి వచ్చిన పిల్ల అది.
రేపో ఎల్లుండో
నన్ను గూడా ఆ మిషన్లో పెడతాడు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషంలో నోరు జారాను. "పుత్తూరులో ఫ్లెక్సీల షాపులో పనిచేసే మామ ఎవరికి ఉన్నాడో నాకు తెలుసు. సుకన్యా, లే తల్లీ, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాను.

సుకన్య లేచింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే పిల్ల. ముఖం కందిపోయింది. తరగతిలో సగం మంది ఫ్లెక్సీలు ఆ మామ చేసినవే, అతని పేరు వేలు. చప్పట్లకు బదులు నవ్వులు వచ్చాయి. మంచి నవ్వులు కావు. సాయంత్రానికల్లా మేనకోడలు తన పనిని వెక్కిరించిందన్న మాట వేలుకు చేరిపోయింది.

సోమవారం సుకన్య రాలేదు. మంగళవారం వాళ్ళమ్మ బడికి ఫోన్ చేసింది. పిల్ల ఆదివారం పెద్దమనిషి అయిందట. అది సరే. కానీ పిల్ల ఒకటే మాట మీద ఉందట: "ఫ్లెక్సీ కడితే బడికి రాను. ఆ మేడం క్లాసులో అసలే కూర్చోను." ఆ ఊళ్ళో తొమ్మిదిలో బడి మానిన పిల్ల మళ్ళీ వచ్చింది తక్కువ. ఇంట్లో మగ్గం ఉంటుంది, కండెలు చుట్టడానికి చేతులు ఎప్పుడూ కావాలి.

మా ప్రధానోపాధ్యాయురాలు సరోజ మేడం చిత్తూరు మనిషి, మాట కత్తిరించినట్టు ఉండేది. నన్ను గదిలోకి పిలిచి కూర్చోమనలేదు.

"పేరు జెప్పకూడదని పెట్టింది ఎవురు?"

"నేనే మేడం. పద్యం బాగుందని, సంతోషం పట్టలేక..."

"సంతోషం నీది. గుట్టు ఆ బిడ్డది. నీ సంతోషానికి దాని గుట్టు ఎట్లా ఖర్చు పెడతావు? రేపు మధ్యాన్నం నీ పీరియడ్లు నేను తీసుకుంటా. నువ్వు పోయి తప్పయిందని జెప్పిరా."

"పిల్లకా మేడం?"

"పిల్లకు గాకుంటే నాకా?"

నా పైఅధికారుల్లో చాలామంది నాకు సర్క్యులర్లు ఇచ్చారు. పని నేర్పింది ఈమె ఒక్కతే.

మట్టల గుడిసె

సుకన్య వాళ్ళింటి పంచలో పచ్చి కొబ్బరి మట్టలతో చిన్న గుడిసె. మేనమామ కట్టాల్సిన గుడిసె అది. అలిగి ఉన్నా వేలు వచ్చి కట్టి పోయాడట. పిల్ల లోపల. దాని చాప, దాని కంచం, దాని చెంబు వేరు. పక్కన పీట మీద వాళ్ళ అవ్వ మునెమ్మ కాపలా.

"రామ్మా టీచరమ్మా, కూసో. దాన్ని తాకగాకు, మాట్లాడుకో" అంది అవ్వ.

నేను నేల మీద కూర్చున్నాను. మట్టల సందుల్లోంచి పసుపు రాసిన పాదం ఒకటి కనిపిస్తోంది. అది వెంటనే లోపలికి పోయింది.

"సుకన్యా, నేను పెట్టిన మాట నేనే తప్పాను. నీ పేరు చెప్పకుండా ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాను. ఆ నాలుగు మాటలకు నా ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్షన్ రోజూ పడనంత కష్టపడ్డాను. గుడిసె లోపలి నుంచి గొంతు వచ్చింది.

"మేడం, మీరు మా అందరివీ ఇన్నారు. మీది ఎప్పుడన్నా గంపలో ఏసినారా?"

వేయలేదు. ఒక్కసారి కూడా వేయలేదు. నిజానికి రాయాలన్న ఆలోచనే రాలేదు. పిల్లల చేత చెప్పించడం నా పని, చెప్పడం కాదు అనుకున్నాను. కాగితం లేదు, కండె లేదు. కళ్ళు మూసుకుని నోటికొచ్చింది చెప్పాను.

"తొక్కుడుబిళ్ళ చేతిలో ఉండగానే
నన్ను ఇంట్లోకి పిలిచారు.
బిళ్ళను పావడ మడతలో దాచుకున్నాను.
పదహారు రోజులు అది నాతోనే ఉంది.
ఆట ఇంకా అయిపోలేదు."

యాభై దాటిన దాన్ని, ఒకరి పంచలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ బిళ్ళ గురించి అంతకు ముందు నేను ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా.

మునెమ్మ అవ్వ తమలపాకు నములుతూ, "మీదంతా ఏడుపే" అంది. "నాకా దినం మగ్గం కాడికి పోవద్దన్నారు. పదకొండు దినాలు పని లే, పాట లే. నా జన్మలో కాలు మీద కాలేసుకుని కూసునింది అప్పుడే. పెద్దమనిషి రెండుసార్లు అయితే బాగుండునని మొక్కుకున్నా."

గుడిసె లోపల ఫక్కుమని నవ్వు. మట్టలు కదిలాయి.

వేలు మామ

మేము ముగ్గురం ఇంకా నవ్వుతుండగానే వేలు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చొక్కా మీద రంగు మరకలు. నన్ను చూసి ముఖం ముడుచుకున్నాడు. నాతో పని లేదన్నట్టు ఫోన్ తీసి గుడిసె వైపు చూపించాడు.

"డిజైన్ అయిపోయింది. పోయిన సంవత్సరం దిగిన ఫోటో ఏసినా. నా చేత్తో నేను చేసినా. ఊరందరి పిల్లలకూ చేసి, నా అక్క కూతురికి చెయ్యకుంటే నేనేం మామ? ఇదేమో మిషన్లో పెడతాడంట అని నవ్వులాటకు రాసింది."

ఆ కోపం వెనక ఉన్నది ప్రేమే. అతని దగ్గర ఉన్న గొప్ప వస్తువు ఆ మిషనే. దాన్ని మేనకోడలి కోసం తిప్పాలని అతని కోరిక. నేను ఏదో చెప్పబోయాను. అవ్వ నా మోకాలు మీద చెయ్యేసి ఆపింది. ఆపకపోతే ఆ రోజు రెండో తప్పు కూడా చేసేదాన్ని.

"మామా, నవ్వులాటకు కాదు" అంది సుకన్య లోపలి నుంచి. "ఇంకొగటి రాసినా. సదువుతా, ఇను."

లోపల కాగితం విప్పిన చప్పుడు. తరువాత గొంతు, మొదట సన్నగా, పోనుపోను గట్టిగా.

"నేను పెద్దయినానంట.
నిన్న రాని లెక్క ఈపొద్దు గూడా రాలే.
నిన్నటి నవ్వే ఈపొద్దు గూడా వస్తా ఉండాది.
మామా, నువ్వు కట్టిన మట్టల సందులోనుంచి
ఆకాశం గీతలు గీతలుగా కనపడింది.
అంతా నాదే అనిపించింది.
నా బొమ్మ కట్టొద్దు మామా,
నా మాట కట్టు.
సూసేవాళ్ళు సూసి పోతారు.
సదివేవాళ్ళు కాసేపు నిలబడతారు."

వేలు కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. అతని తిప్పలు తరువాత మొదలయ్యాయి.

"ఫోటో లేని ఫ్లెక్సీ యాడన్నా ఉండాదా మేడం? అందరూ నన్ను అడుగుతారు."

"అడిగితే చదవమని చెప్పు" అన్నాను.

అతను బుర్ర గోక్కున్నాడు. "సరే. కానీ కింద మూలన నా ఫోటో ఉండల్ల. చిన్నదే. మామను కదా."

"ఉండనీలే మామా" అంది లోపలి గొంతు, నవ్వుతూ.

పదకొండో రోజు వీధి మలుపులో కట్టారు. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి జానెడు. మూలన వేలు చేతులు జోడించి నవ్వుతున్నాడు. చిన్నదంటే అంత చిన్నదేం కాదు. తొమ్మిదో తరగతి మొత్తం దాని కింద నిలబడి పైకి చదివారు. ఆటో ఒకటి ఆగింది, వెనక ఇంకొకటి. నూలు మూట మోసుకుపోతున్న పెద్దాయన మూట దించి, తనకు చదువు రాక ఒక పిల్లను మళ్ళీ చదవమన్నాడు. ఓణీలో సుకన్య వాకిట్లోంచి చూస్తోంది. పన్నెండో రోజు మొదటి పీరియడ్‌కే చిమ్మిలి డబ్బాతో తరగతిలో ఉంది. కిటికీ పక్కన, తన చోట్లోనే.

ఆ శనివారం గంపలో నాది కూడా ఒక కండె వేశాను. ఆ తరువాత ఏ శనివారమూ మానలేదు.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక మాట. ఈ కథ విని, ఫోటో చెడ్డది, పద్యం మంచిది అని పాఠం చెప్పకండి. తరువాతి ఏడాది కల్పన అనే పిల్ల, "నాకు ఫోటోనే కావల్ల మేడం, ఎంత బాగా పడినానో సూడండి" అని సంబరపడింది. ఎంత బాగా పడిందో చూశాను, నిజంగానే బాగా పడింది. ఇంకొక పిల్ల సైకిల్ మీద కూర్చున్న ఫోటో వేయించుకుంది, పక్కన రెండు పంక్తులు తనవే. ఎట్లా కనపడాలో పిల్లే చెప్పాలి. మనం ఆ మాటకు చోటు ఇస్తే చాలు. కవిత్వం ఆ పని చేస్తుంది కాబట్టే నేను దాన్ని తరగతిలోకి తెచ్చుకున్నాను. మార్కులు వాటంతట అవే వచ్చాయి.

చిన్ని

సుకన్య ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. మునెమ్మ అవ్వ నన్ను చూడాలంటోందని కబురు పెడితే రెండు వారాల కిందట వాళ్ళింటికి పోయాను. వాన పడుతోంది. పంచలో నూలు మూటలు తడవకుండా ఏదో పసుపు పట్టా కప్పి ఉంది. దగ్గరికి పోతే అదే ఫ్లెక్సీ. మూలన వేలు ముఖం ఎండకు వెలిసి తెల్లబడిపోయింది. అక్షరాలు మాత్రం చదవొచ్చు.

"ఎవురికీ ఇయ్యలే" అంది అవ్వ. "ఈ పిల్ల అక్షరాలు దీని మీదనే నేర్చుకునింది."

ఈ పిల్ల అంటే సుకన్య చెల్లెలు చిన్ని, మూడో తరగతి. ఒక్కో అక్షరం మీద చూపుడువేలు పెడుతూ నాకు మొత్తం చదివి వినిపించింది. "నా మాట కట్టు" దగ్గర గొంతు పెంచింది. తరువాత నా చెవి దగ్గరికి వచ్చి, "మేడం, నా ఫ్లెక్సీ మీద ఏం రాయల్లో నేను ఇప్పుడే రాసి పెట్టుకున్నా" అంది.

గౌను జేబులోంచి కండె తీసింది. కాగితం చుట్టి, ఎర్ర దారంతో మూడు ముడులు వేసి ఉంది. నాకు చెయ్యి దురద పెట్టింది, కళ్ళజోడు అప్పటికే పెట్టుకున్నాను.

చిన్ని నా ముఖం చూసి కండెను రెండు చేతుల్లో మూసుకుంది. "ఇప్పుడు ఇయ్యను. ఇంకా టైముండాది."

"సరే తల్లీ" అన్నాను. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాను. వాన తగ్గేదాకా అవ్వతో కబుర్లు చెబుతూ కూర్చున్నాను. కండెలో ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు.